ధర వచ్చేదాకా

"ఏమయ్యా హార్లన్, గనిలో నలభై ఏళ్లు తవ్విన వెండంతా మళ్లీ నువ్వే కొన్నావా?"

వెండి గనుల ఊరు కెలాగ్‌లో నాణేల కొట్టు నడిపే వెర్న్ నవ్వుతూ ప్లాస్టిక్ గొట్టాల్లోంచి వెండి నాణేలను బల్ల మీద ఒంపాడు.

"అంతా దీనికే," అన్నాడు హార్లన్, పక్కనున్న కూతురు ఇంగ్రిడ్‌ని చూపిస్తూ. "కాగితం డబ్బును నమ్మకూడదు."

వెర్న్ ఒక నాణేన్ని వేలికొన మీద నిలిపి ఇంకో నాణెంతో తట్టాడు. అది సన్నగా, చాలాసేపు మోగింది.

"అసలు వెండే. కానీ ఈ ఆరు గొట్టాలూ రెండువేల పదకొండు నాటివి. ధర ఆకాశానికెక్కినప్పుడు కొన్నావు గురూ!"

ఇంగ్రిడ్ ఒక నాణెం తీసి దాని మీది ఏడాది చూసింది.

"అమ్మ గుండె మాత్రలు సగానికి విరిచి మింగింది ఆ ఏడాదే కదా నాన్నా? ఆ చలికాలం దాటకుండానే పోయింది. డబ్బుల్లేవన్నావు."

"చేతిలో ఎక్కడున్నాయి? అన్నీ వీటిలోనే పెట్టాను."

"నెలకి నాలుగు అమ్మితే సరిపోయేది."

"కొన్న కొన్నాళ్లకే ధర పడిపోయిందమ్మా. నష్టానికి ఎవరైనా అమ్ముకుంటారా?"

వెర్న్ చేతులు ఆగిపోయాయి.

ఇంగ్రిడ్ అతని వైపు తిరిగింది. "ఇవాళ ధర ఎలా ఉంది?"

"కొన్నదానికంటే పైనే."

"అయితే ఇప్పుడు అమ్మొచ్చు నాన్నా. నష్టం లేదట."

హార్లన్ ముఖం వెలిగిపోయింది.

"చూశావా? మీ అమ్మకీ అదే చెప్పాను, కాస్త ఆగమని."