గ్రాఫిక్స్ కార్డు కనబడుటలేదు

"లేదు! లిస్టులో లేనే లేదు!" అంటూ అతను టేబుల్ మీద గుద్దాడు. పక్కనున్న గ్లాసు ఎగిరిపడింది.

వంటగదిలో తడిగుడ్డతో పొయ్యి తుడుస్తున్న భార్య గుమ్మంలోంచి తొంగిచూసింది. "ఏమైందండీ?"

"లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు కనబడటం లేదు. నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది!"

ఆ కార్డు లేకపోతే అతని బొమ్మలు కదలవు. బొమ్మల సినిమాలు తీసే పెద్ద కంపెనీ ఒకటి, నిమిషం వీడియో చేసి ఇవాళ సాయంత్రం ఐదింటిలోపు పంపితే ఉద్యోగం సంగతి చూస్తామంది. గీయడమంతా అయిపోయింది, ఇక వీడియోగా మార్చడమే మిగిలింది. కార్డు ఉంటే అది రెండు గంటల పని, లేకపోతే రెండు రోజులు. కంపెనీ ఎక్కడో దూరాన వేరే ఊళ్లో ఉంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇల్లు ఖాళీ చేస్తున్నామని ఇంటివాళ్లకి అప్పుడే చెప్పేశాడు మహానుభావుడు. ఆ సంగతి భార్యకి తెలిసింది కూడా ఇంటివాళ్ల నోటనే.

ఆమె పెళ్లికి ముందు ఐదేళ్లు లాప్‌టాప్ సర్వీస్ సెంటర్లో పనిచేసింది. ఇక చచ్చిందనుకున్న మెషీను ఆమె బల్ల మీదికొస్తే లేచి కూర్చునేది. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంటుందని చెప్పి, పెళ్లయిన నెలకే అతను ఆ ఉద్యోగం మానిపించాడు. నిన్న పాత మేనేజరు ఫోన్ చేసి, "సెంటర్ మొత్తం నువ్వే చూసుకోవాలమ్మా, వస్తావా?" అని అడిగాడు. ఇవాళ సాయంత్రానికి చెప్తానంది. మొగుడితో అంటే, "స్క్రూలు బిగించే పని ఏ ఊళ్లో దొరకదు?" అని నవ్వేశాడు.

"ఏమండీ, ఆన్ చేసేటప్పుడు ఎఫ్ టూ నొక్కి సెట్టింగుల్లో చూడండి. కార్డు ఆపేసి ఉందేమో" అంది ఆమె.

"ఎవరాపుతారు? దానంతటదే ఆగుతుందా? తెలిస్తే మాట్లాడు, లేకపోతే ఊరుకో."

ఊరుకుంది.

అతను కార్డుని నడిపే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేశాడు, మళ్లీ ఎక్కించాడు. ఆపాడు, ఆన్ చేశాడు. ఎవరెవరో పెట్టిన వీడియోలన్నీ చూశాడు. కాలేజీ నాటి స్నేహితుడు ఒకడున్నాడు, అందరూ 'బుర్ర' అని పిలుస్తారు. వాడికి ఆరుసార్లు ఫోన్ చేస్తే ఒక్కసారీ ఎత్తలేదు. పన్నెండింటికి లాప్‌టాప్ బోర్లించి వెనక మూత ఊడదీశాడు. ఆమె టార్చ్ పట్టుకుని నిలబడింది.

"నోటితో ఊదకండి, తుంపర పడుతుంది."

ఊదాడు.

"లోపల అంతా బాగానే ఉందండీ. ఆ ఎఫ్ టూ ఒక్కసారి..."

"పోయిన కార్డుకి సెట్టింగులు ప్రాణం పోస్తాయా? టార్చ్ సరిగ్గా పట్టు!"

అత్తగారు కుర్చీలోంచే అందుకుంది. "ఒరే, ఐదేళ్లు అదే పని చేసిన పిల్లరా. వింటే నీ సొమ్మేం పోయింది?"

"నువ్వుండమ్మా!"

"నీకూ ఇవాళ ధ్యాస లేదులే అమ్మాయ్" అని కోడలి వైపు తిరిగిందావిడ. "స్టవ్ మీద పాలు పెట్టి ఎటు పోయావు? నేను స్నానం చేసి వచ్చేసరికి సగం పొయ్యిపాలయ్యాయి. వీడు చూస్తే మంచం దిగనే లేదు."

"చూసుకోలేదత్తయ్యా" అంది ఆమె తలొంచుకుని.

మూడింటికి పది నిమిషాలుందనగా ఆమె మళ్లీ వచ్చి పక్కన నిలబడింది. "మూడు దాటితే ఇక బాగైనా లాభం లేదండీ. మీకు దణ్ణం పెడతాను. నా మాట విని ఒక్కసారి చూడండి."

"అబ్బబ్బ, ప్రాణం తీయకు! అసలే పీకల మీదికొచ్చి నేనేడుస్తుంటే!"

ఆమె రెండడుగులు వెనక్కి వేసి, గోడ గడియారం కేసి చూస్తూ నిలబడిపోయింది. ముల్లు మూడు దాటింది.

నాలుగింటికి బుర్ర ఫోన్ చేశాడు. సంగతంతా విని, "ఒరేయ్, ఎఫ్ టూ నొక్కి సెట్టింగుల్లో చూశావా? కార్డు ఆపేసుందేమో" అన్నాడు.

"అరెరే, అది తట్టనే లేదురా!"

చూశాడు. ఆపేసే ఉంది. ఆన్ చేస్తే కార్డు ఎక్కడికీ పోనట్టు లిస్టులోకి వచ్చి కూర్చుంది. "నువ్వు దేవుడివిరా!" అని ఫోన్లోనే అరిచాడు. అయిదయ్యేసరికి వీడియో సగం కూడా కాలేదు. కంపెనీ వాళ్ల పేజీలో గడువు ముగిసిందని వచ్చేసింది.

అతను తల పట్టుకున్నాడు. "బుర్రగాడు పొద్దున్నే ఫోన్ ఎత్తి ఉంటే ఉద్యోగం నాదే!"

అత్తగారు ముక్కున వేలేసుకుంది. "అమ్మాయి పొద్దున్నుంచీ మొత్తుకుంటున్నది అదే కదరా!"

"వాడు చెప్పడం వేరు, ఇది చెప్పడం వేరు."

ఆమె కళ్లు తుడుచుకుని బాల్కనీలోకి వెళ్లి మేనేజరుకి ఫోన్ చేసింది.

"వస్తాను సార్. సోమవారం నుంచి."

మూడుసార్లు చెప్పింది. మూడింట్లో ఒక్కసారి విని ఉన్నా, ఈ ఫోన్లో రానని చెప్పి, మూటాముల్లె సర్దుకుని అతని వెంట ఏ ఊరికైనా నడిచేది. ఒట్టు, నడిచేది.

వంటగదిలోకి వచ్చింది. పొయ్యి అంచున పాల మరక ఇంకా పోలేదు. గుడ్డ తడిపి మళ్లీ రుద్దింది.

పొద్దున ఆ పాలు పొంగినప్పుడు, ఆమె ఎఫ్ టూ నొక్కి కార్డు ఆపేస్తోంది.