షామియానా తీశాక

రత్నావతి టిఫిన్ బండి దగ్గర నెల రోజులుగా ఒక్క ఆటో ఆగడం లేదు. ఈ రోజుల్లో ఆటోలకు డ్రైవర్లు లేరు. ప్రతి వీధి మొదట్లో స్తంభానికున్న పెట్టె తన వీధి పొడవెంతో చెబుతుంది, ఆటోలు దగ్గరి దారి చూసుకుని పోతాయి. పెట్టె అబద్ధం చెప్పినా నమ్మేస్తాయి.

ఇది పక్క వీధి హోటలు నాగభూషణం పనేనని ఆమె అనుమానం. అతని హోటలు ముందు ఆటోలు బారులు తీరుతుంటే ఇక్కడ పళ్ళు నూరుకునేది. చివరికి పెట్టెలు చూసే సుభాషిణిని పిలిపించింది.

"పెట్టె మన వీధి పొడవు ఉన్నదానికంటే రెండు కిలోమీటర్లు ఎక్కువ చెబుతోంది వదినా."

"నే చెప్పలా? ఆ భూషణమే చేశాడు."

"కాదు. మీ పాప ఓణీల ఫంక్షన్‌కి రోడ్డుకడ్డంగా షామియానా వేశారుగా. ఆటోలు రాకుండా అన్నయ్యే పెట్టెలో ఈ ఎక్కువ లెక్క పెట్టించాడు. షామియానా తీశారు గానీ ఇది తీయించలేదు."

రత్నావతి మొహం మాడిపోయింది. అనవసరంగా ఆడిపోసుకున్నానని, ఒక మంచిమాట చెప్పి వద్దామని నాగభూషణం హోటలుకు వెళ్ళింది.

"పెట్టె సంగతేనా చెల్లెమ్మా?" ఆమె నోరు తెరవకముందే అడిగాడతను. "షామియానా తీసిన మర్నాడే గమనించా."

"మరి చెప్పలేదేం?"

"మీ ఇంటి శుభకార్యం. మధ్యలో మేమెలా కల్పించుకుంటాం?" అంటూ అతను అప్పుడే ఆగిన ఆటోకి నవ్వుతూ ఎదురెళ్ళాడు.