మేడం గారూ, నాకర్థం కాలేదు

"మళ్లీ తగులుకున్నాడు మహానుభావుడు," అంది అక్షయ కంప్యూటర్ ముందుకి వంగి.

పక్క కుర్చీలోంచి మనోజ్ఞ తొంగిచూసింది. "ఏమంటాడు?"

"అర్థం కాలేదంటాడు. ఇంకేమంటాడు?"

అది 2006. జగ్గయ్యపేట బస్టాండు దగ్గర సొలొమోను ఇంటర్నెట్ సెంటరు. ప్లైవుడ్ గదులు, వాటికి పూల కర్టెన్లు, కరెంటు పోగానే కుయ్యోమనే యూపీఎస్.

డిగ్రీ రెండో ఏడు లెక్కల పిల్లలు సాయంత్రమయితే అక్కడే వాలేవాళ్లు. అంతా లెక్కలు చెప్పే వరప్రసాదరావు సారు పెట్టించిన బ్లాగు పుణ్యం.

"జవాబు ఎవడైనా రాస్తాడు. పాఠంలో మీరు ఎక్కడ ఆగిపోయారో అది రాయండి," అన్నాడాయన.

తెలుగులో టైపు చెయ్యడం ఎవరికీ రాదు. ఇంగ్లిషు అక్షరాల్లోనే తెలుగు రాసేవాళ్లు. ఆ రాతలు ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.

అక్షయకి మాత్రం అది సరదా కాదు. మొదటి ఏడు లెక్కలు తప్పింది. "ఈసారీ తప్పావంటే చదువు చాలు, వచ్చి కొట్లో కూర్చో," అని నాన్న రామకోటేశ్వరరావు తేల్చేశాడు. బజార్లో వాళ్లది కిరాణా కొట్టు. ఆయనకి కొట్టే లోకం. ఈమధ్య మధ్యాహ్నం భోజనానికి కూడా వేళకి రావట్లేదని అమ్మ సణుగుతుండేది.

"రోజూ ఆ ఇంటర్నెట్లో ఏం రాస్తావే?" అని ఒకసారి అడిగాడాయన.

"లెక్కలు. మీకర్థం కాదులే నాన్నా."

ఆయన బెల్లం తూచడంలో పడిపోయాడు.

ఆ వారం అక్షయ ఇలా రాసింది. "ఒకటి, అందులో సగం, మూడోవంతు, నాలుగోవంతు... ఇలా పోతే దీని అవధి, అంటే లిమిట్, సున్నా అన్నారు సారు. కానీ ఎప్పటికీ సున్నా కాదుగా. చేరనిదాన్ని అవధి అనడమేంటి? నేను ఇక్కడ ఆగిపోయా."

మర్నాటికల్లా కింద 'సున్నా' అనే పేరుతో ఎవరో రాశారు. "మేడం గారూ, నాకర్థం కాలేదు. మీకు తెలిశాక నాకూ చెప్పండి."

మేడం గారట. అక్షయకి ముచ్చటేసింది. సారుని అడిగి మరీ తెలుసుకుని, పుస్తకంలో ఉన్నట్టే రాసింది.

"ఇంకా అర్థం కాలేదండి. చదువు తక్కువోణ్ణి."

విసుక్కుంటూనే ఈసారి సొంత మాటల్లో రాసింది. "సున్నా పక్కన మీకు నచ్చినంత దగ్గరగా గీత గీయండి. ఒకచోటు దాటాక మిగిలినవన్నీ ఆ గీత లోపలే ఉంటాయి."

"ఇంకా దగ్గరగా గీస్తేనండీ?"

"అయినా అంతే. కాస్త ఆలస్యంగా వస్తాయి, కానీ వచ్చితీరతాయి."

అది రాస్తుండగానే అక్షయ చెయ్యి ఆగింది. ఇన్నాళ్లూ తనకి అర్థం కానిది ఇదే. ఇప్పుడు అర్థమైంది. ఆ సంతోషం పట్టలేక మనోజ్ఞ వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ ఏడంతా అంతే. ఆ మనిషి అడగడం, ఈ పిల్ల తిట్టుకుంటూ విడమరిచి చెప్పడం.

"సారే పేరు మార్చుకుని అడుగుతున్నాడే," అంది మనోజ్ఞ.

అక్షయ సారునే అడిగేసింది.

ఆయన నవ్వాడు. "నేను కాదమ్మా. ఎవరోగానీ, వదులుకోకు."

పరీక్షల్లో లెక్కల్లో అక్షయకే ఎక్కువ మార్కులొచ్చాయి. బ్లాగులో రాసింది. "సంతోషం మేడం గారూ. ఇప్పుడు నాకూ అర్థమైంది," అని జవాబొచ్చింది. ఆ తర్వాత సున్నా మళ్లీ కనిపించలేదు.

ఇంట్లో చెబితే నాన్న "ఊఁ" అన్నాడంతే. కొట్లో కూర్చోమన్న మాట మాత్రం ఇక ఎత్తలేదు.

2011లో అక్షయ నందిగామ కాలేజీలో లెక్కల మేడం అయింది. చూడ్డానికి నాన్న లేడు. అంతకు ముందు ఏడాదే గుండెపోటుతో పోయాడు.

తన క్లాసు పిల్లలకీ బ్లాగు పెట్టింది. పిల్లలు రాస్తున్నారు. కానీ అర్థం కాలేదని అడిగేవాళ్లేరీ?

ఆదివారం బస్సెక్కి సొలొమోను దగ్గరికొచ్చింది. సెంటర్లో ఇప్పుడు జిరాక్స్ మిషనే ఎక్కువ పనిచేస్తోంది.

"సున్నా అని ఒకాయన మా బ్లాగులో రాసేవాడు. ఎవరో ఏమన్నా తెలుసా అండి? మా పిల్లలకీ అట్టాంటి మనిషి కావాలి."

సొలొమోను మిషన్ ఆపాడు.

"ఇక్కడికే వచ్చేవారమ్మా. మధ్యాహ్నం పూట, మీరంతా కాలేజీలో ఉన్నప్పుడు. ఇంగ్లిషు అక్షరాలు రావు. నువ్వు రాసింది నేను చదివేవాణ్ణి, ఆయన చెప్పింది టైపు చేసేవాణ్ణి."

"మరి నాకొక్కసారైనా చెప్పలేదేంటండి?"

"చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

"ఇప్పుడైనా చెప్పండి. వెళ్లి దండం పెట్టుకుంటా."

సొలొమోను మూలనున్న పాత కుర్చీకేసి చూశాడు.

"ఎక్కడికని వెళ్తావమ్మా... 'నేనని తెలిస్తే భయపడి నోరెత్తదు, మేడం గారూ అనే టైపు కొట్టవయ్యా' అంటూ రోజూ భోజనం వేళ వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నది మీ నాన్నగారే."