మూత తియ్యని కెమెరా

"తాతగారూ, మీరు మూత తియ్యలేదు!"

లెక్కల టీచరు నవ్వు ఆపుకుంటూ చెప్పింది.

సీతాకోకచిలుకల తోటలో బంతిపూల మడి పక్కన, బెంచీకి ఆనుకుని ఆయన నిలబడ్డాడు. పాత కెమెరా కంటికి ఆనించుకున్నాడు. లెన్సుకి నల్లటి మూత అలాగే ఉంది.

"అలాగా అమ్మా," అన్నాడాయన. మూత మాత్రం తియ్యలేదు.

పళ్ళ డాక్టరు తన కెమెరా సర్దుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"రోజూ ఇదే వరస టీచరుగారూ. చెప్పి చెప్పి నా నోరు నొప్పెట్టింది. మూత తాతయ్య అని పేరు పెట్టేశాం."

"పాపం, చాదస్తం కాబోలు."

"చాదస్తమైతే భరించొచ్చు. ప్రశ్నలేస్తాడు!"

నిజమే. తోటలో ఎవరి కెమెరా క్లిక్కుమన్నా ఆయన తల అటు తిరిగేది.

"ఏం వాలిందమ్మా?"

"పచ్చది," అనేది టీచరు.

"ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"పసుపే."

"అంచుల్లో నలుపుందా?"

"అబ్బబ్బ, ఉంది తాతగారూ. ఇక్కడే ఉందిగా, చూసుకోండి!"

ఆయన చూసేవాడు కాదు. "చెప్పావుగా, చాలు," అని మిఠాయి తిన్నవాడిలా చప్పరించేవాడు.

టీచరుకి అంత ఓపిక లేదు. ఆమె తోటకి వచ్చేది ఒకే ఒక్క ఫోటో కోసం.

చిన్నప్పుడు వాళ్ళింట్లో దేవుడి పటం పక్కన ఒక క్యాలెండరు ఫోటో ఉండేది. ఏడాది అయిపోయినా అమ్మ దాన్ని పారెయ్యలేదు. తేదీల ముక్క కత్తిరించేసి, వెనక అట్ట అంటించి, మళ్ళీ అదే మేకుకి తగిలించింది.

తడిగడ్డి మీద ఒక చిన్నపిల్ల పాదం. పిల్ల మొహం లేదు. గౌను అంచూ, పాదమూ, అంతే. పాదం మీద నీలం సీతాకోకచిలుక.

ఆ పిల్ల చిటికెన వేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉండేది.

"చూడవే, చిటికెన వేలు కూడా ఎలా ఎక్కి కూర్చుందో, సీతాకోకచిలుక సరిగ్గా కనపడాలని!" అనేది అమ్మ.

జడ వేసేటప్పుడు కదిలితే మాత్రం దువ్వెనతో నెత్తిన ఒక్కటిచ్చేది. "ఆ పిల్లని చూసి నేర్చుకో. ఎంత బుద్ధిగా కూర్చుందో!"

రోజూ దీపం పెట్టి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ పాదం వైపు కూడా ఒకసారి చూసి అమ్మ లేచేది.

ఇల్లు మారినప్పుడు ఆ బొమ్మ ఎక్కడో పోయింది.

ఇప్పుడు అమ్మకి మతిమరుపు. కన్నకూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. ఖాళీ గోడ చూసి మాత్రం అడుగుతుంది:

"ఆ పిల్ల ఏదీ? లేచి వెళ్ళిపోయిందా?"

అమ్మ గోడకి ఆ పిల్లని మళ్ళీ తేవాలి. టీచరు తెలిసినవాళ్ళ పిల్లల్ని బతిమాలి తెచ్చి, పాదాలు తడిపి కూర్చోబెట్టింది. సీతాకోకచిలుక వాలితే చాలు, కితకితలంటూ గెంతేవారు. విసిగిపోయి తన పాదమే తడుపుకుని గడ్డిలో కూర్చుంది.

ఒక పొద్దున వాలింది. నీలంది. అచ్చం అలాంటిదే!

ఊపిరి బిగబట్టి నొక్కింది. తొందరలో ఫోటో అలుక్కుపోయింది. ఇంకొకటి నొక్కబోయింది.

"ఏం వాలిందమ్మా?"

పాదం కదిలింది. నీలం ఎగిరిపోయింది.

"మీ నోరు ఒక్క క్షణం ఊరుకోదా?" టీచరుకి ఏడుపొక్కటే తక్కువ.

"తప్పైపోయిందమ్మా. ఏ ఫోటో కోసం అంత తాపత్రయం?"

"మీకు చెప్పినా అర్థం కాదులెండి. ముందు మీ కెమెరా మూత తీసుకోండి!"

ఆయన బెంచీ దగ్గరికి జరిగాడు. కెమెరా ఒళ్ళో పెట్టుకుని మూతని బొటనవేలితో నిమురుతూ కూర్చున్నాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. తోట మళ్ళీ తెరిచేసరికి బెంచీ ఖాళీ.

"హమ్మయ్య," అన్నాడు పళ్ళ డాక్టరు.

టీచరు కూడా అదే అనుకుంది. కానీ క్లిక్కుమనగానే ఆమె చెవి దేనికోసమో ఆగేది. "తెలుపు తాతగారూ, కొసల్లో నారింజ," అని తనలో తనే చెప్పుకునేది.

ఒకరోజు ఆ బెంచీ మీద నడివయసు ఆవిడ కనిపించింది. ఒళ్ళో అదే కెమెరా. అదే మూత.

"మీరు మూత... ఆ తాతగారికి ఏమవుతారు?"

"కూతుర్నండి. నాన్న వానల్లో పోయారు."

"అయ్యో."

"ఇక్కడ ఒక టీచరుగారు ఉండాలి. రంగులు ఆవిడ చెబితేనే చెప్పినట్టు అనేవారు. ఇంటికొచ్చి అన్నీ నాకు అప్పజెప్పేవారు."

టీచరు ఆవిడ పక్కన కూర్చుంది. మూత వైపు చూసి అడిగింది.

"మరి మూత ఎందుకు తీసేవారు కాదు?"

"తీసి ఏం చేస్తారండీ? వెలుగూ నీడా తప్ప ఏమీ కనపడేది కాదు. మీరంతా రాకముందే దింపి, వెళ్ళిపోయాక తీసుకెళ్ళేదాన్ని. మీకు చెప్పలేదా?"

"మేం అడగలేదు."

నిజంగానే ఎవరూ అడగలేదు. పక్కన కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగడానికి ఎంతసేపు పట్టేది?

"చూపున్నప్పుడు బాగా తీసేవారా?"

"ఏమో, నాకు తెలిసిందల్లా 'కదలకు తల్లీ, కదలకు' అనడమే."

ఆవిడ నవ్వి, కళ్ళు తుడుచుకుని, చెప్పులు విడిచి తడిగడ్డి మీదికి దిగింది. కుడిపాదం చిటికెన వేలు, పక్కవేలి మీదికి ఎక్కి కూర్చుని ఉంది.