ఎర్రదా, నల్లదా

"పది లక్షలు. ఆ మీద ఒక్క రూపాయి గూడ పెట్ట. ఎర్రదా, నల్లదా, మీరే తేల్చుకోండ్రి," అన్నాడు జానయ్య.

షాద్‌నగర్ బైపాసు పక్కన, పాత కార్లు అమ్మే జాగాలో రెండు స్పోర్ట్స్ కార్లు నిలబడి ఉన్నాయి. రెండూ రెండు తలుపులవే, నేలను కరుచుకున్నట్టు పొట్టిగా ఉన్నవే. సుమన కార్లను చూడటం లేదు. తండ్రి ముఖాన్నే చూస్తోంది. నవీన్‌కుమార్‌ను పెళ్లి చేసుకుని ఇల్లు విడిచిన పద్నాలుగు నెలలకు ఆ ముఖం కనబడటం ఇదే మొదలు. కులం కానివాణ్ణి చేసుకున్నందుకు ఇద్దరినీ నరుకుతానని ఊరి నడుమ ఒట్టు పెట్టుకున్న మనిషి ఆయన. ఆ భయానికే వాళ్లు నాలుగు గదులు మారారు. ఎక్కడుంటున్నారో నవీన్ వాళ్ల నాన్నకు కూడా చెప్పలేదు.

సుమన దొంగచాటుగా తల్లికి ఫోన్ చేసిన రోజున, ఆ ఫోన్ జానయ్యే లాక్కుని మాట్లాడాడు. "అయిందేదో అయింది బిడ్డా. ఆ పిలగానికి కార్లంటే పానమంట గద. ఒకటి కొనిస్త, రాండ్రి." నలుగురు తిరిగే చోటికి, పట్టపగలైతేనే వస్తామని చెప్పి, రెండు బస్సులు మారి వచ్చారు.

"నీకు నమ్మకమేనా?" నవీన్ ఆమె చెవిలో గొణిగాడు.

"జర ఆగు. చూద్దాం."

జానయ్య పంచె ఎగగట్టి ఎర్ర కారు కిందికి తొంగి చూశాడు. లేచి ముందు చక్రాన్ని కాలితో తన్నాడు.

"గీ టైరు జూడు, బోడిగుండు లెక్కున్నది. దీనికి పన్నెండు లక్షలా?"

"టైరెందుకు పటేలా, ఇంజను జూడు. గుర్రమే!" అన్నాడు కార్ల వ్యాపారి గోపీకృష్ణ. "టైర్లే గావాలంటే నల్లది తీస్కో. అన్నీ కొత్తయి. ఏసీ ఒక్కటే పని చెయ్యది."

"ఎండకాలం అండ్ల కూసొని పిల్లలు ఉడికి సావాల్నా? ఎర్రదానికే నాలుగు కొత్త టైర్లు ఎయ్యి. పది లక్షలు తీస్కో. లేకుంటే మా తొవ్వన మేం పోతం."

"వెనుక సీటు మరీ చిన్నగున్నది నాయినా," అంది సుమన. ఆ రోజు తండ్రితో ఆమె ఆడిన మొదటి మాట అదే. "పెద్దోళ్లు కూసోలేరు."

"పెద్దోళ్లకేం పని? రేపు మీకు పుట్టేటోళ్లే గద కూసునేది."

సుమన తల పక్కకు తిప్పుకుని చున్నీతో కళ్లు ఒత్తుకుంది.

బేరం గంటసేపు నడిచింది. జానయ్య రెండో తాళంచెవి అడిగాడు. సీటు కవర్లు అడిగాడు. నల్లదాని బ్యాటరీ తీసి ఎర్రదానికి పెట్టమన్నాడు. "నా సర్వీసుల గిసుంటి పీనాసి మామను సూడలె," అని గోపీకృష్ణ నవీన్ వైపు చూసి నవ్వాడు. సుమనకూ నవ్వొచ్చింది. పశువుల అంగడిలో తండ్రి తీరు ఆమెకు తెలుసు. తీసుకునే మనసు లేకపోతే ఎద్దు మీద చెయ్యి కూడా వేయడు. పళ్లు చూసి, గీసిగీసి బేరం ఆడాడంటే పలుపు పట్టుకునే ఇంటికొస్తాడు. ఆ బేరం వింటుంటే పొద్దుటి నుంచి బిగబట్టుకున్న ఆమె భుజాలు వాటంతటవే సడలాయి.

"ఎందుకట్ల దూరం నిలబడ్డవు అల్లుడా? ఎక్కి స్టీరింగ్ పట్టు," అన్నాడు జానయ్య.

అల్లుడా అన్న మాటకు నవీన్ తడబడ్డాడు. ఎర్ర కారెక్కి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

"ఎర్రదే మామా."

"ఎవరి పేరు మీద రాయాలె?" గోపీకృష్ణ కాగితాలు తీశాడు.

"అల్లుని పేరు మీదనే. నా పేరు మీదుంటే రేపు మావోళ్లు మాదే అంటరు." జానయ్య యాభై వేలు బల్ల మీద పెట్టాడు. "పేరు మారినంక మిగిలింది ఇస్త." అంతే, రోడ్డు దాటి చాయ్ బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

గోపీకృష్ణ నవీన్ ఆధార్ కార్డును అటూ ఇటూ తిప్పాడు. "దీంట్ల ఊరి అడ్రసున్నది తమ్మీ, నడ్వది. ఇప్పుడుండే కిరాయింటిది గావాలె. బండి కార్డు పోస్టుల ఆడికే వస్తది."

నవీన్ కలం పట్టుకుని ఆగిపోయాడు. సుమన రోడ్డు అవతలికి చూసింది. జానయ్య ఇటు వీపు పెట్టి, చాయ్ ఊదుకుంటూ తాగుతున్నాడు. ఆమె భర్త చేతిలోంచి కలం తీసుకుంది. ఇంటి నంబరు, గల్లీ పేరు, పై అంతస్తులో ఎడమ చేతి గది అని గుండ్రటి అక్షరాలతో తనే రాసింది. గోపీకృష్ణ అడిగితే తన ఫోన్ నంబరు కూడా చెప్పింది.

బస్సెక్కేటప్పుడు జానయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. "వారంల బండొస్తది. పైలంగ పోండ్రి బిడ్డా."

గదికి చేరేసరికి పొద్దు వాలింది. కారు పడుతుందో లేదోనని నవీన్ గల్లీలో అడుగులు వేసి కొలుస్తున్నాడు. సుమన కిటికీలోంచి చూసి నవ్వుతుండగా ఫోన్ మోగింది.

"అమ్మా, నేను కార్ల గోపీకృష్ణను. నాకేం సమజైతలేదు, జర నువ్వన్న చెప్పు. మీరు అటు పోంగనే మీ నాయిన మళ్లొచ్చిండు. యాభై వేలు నన్నే ఉంచుకొమ్మన్నడు, కారు వద్దన్నడు. నువ్వు రాసిన అడ్రసు కాయితమొక్కటే తీస్కొని పోయిండు."