పిలుపులమ్మ

ఆస్పత్రి మెట్లు దిగుతూనే పాస్టర్ పళ్ళు నూరాడు. "పదండి. ఇప్పుడే వెళ్దాం."

"ఎక్కడికి అయ్యగారూ?" సంఘపెద్ద ఆయాసపడుతూ వెనకాలే వచ్చాడు.

"ఇంకెక్కడికి? ఆ పిలుపులమ్మ దగ్గరికి!"

లోపల మంచం మీద, ఈమధ్యే భార్య పోయిన సంఘంలోని టైలర్ ఉన్నాడు. గుప్పెడు నిద్రమాత్రలు మింగాడు. డాక్టర్లు కడుపు కడిగి బతికించారు. కళ్ళు తెరవగానే అతనన్న మొదటి మాట ఇది: "మా ఆవిడ నాకోసం ఎదురుచూస్తోందని అమ్మ చెప్పింది. నన్నెందుకు ఆపారు?"

అమ్మంటే పిలుపులమ్మే. పోయినవాళ్ళను పిలిచి మాట్లాడిస్తుందని ఆ పేరు. బస్టాండు వెనక సందులో ఆరు నెలల కిందట దిగింది. అప్పటినుంచీ పాస్టర్‌కు కంటి మీద కునుకు లేదు. పొద్దున మందిరంలో కన్నీళ్ళతో ప్రార్థించినవాళ్ళే సాయంత్రం ముసుగేసుకుని ఆ సందులోకి దూరుతున్నారు.

గొంతు చించుకుని చెప్పాడు. బైబిల్లో వాక్యం తీసి మరీ చూపించాడు. సోదె అడగొద్దన్నాడు దేవుడు. చెవిలో గుట్లు ఊదే కర్ణపిశాచి ఉన్నవాళ్ళ గడప తొక్కొద్దన్నాడు. బతికున్నవాళ్ళ కోసం చచ్చినవాళ్ళను అడుగుతారా అని ప్రవక్త నిలదీశాడు. అందరూ ఆమెన్ అన్నారు. అని, వెళ్ళాల్సిన చోటికి వెళ్ళారు.

పిలుపులమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. ఇరుకు గది. ఒక చాప, ఒక ప్లాస్టిక్ కుర్చీ, మూల ఒక స్టవ్. ముసలామె గోడకు చేరగిలబడి బీన్స్ తుంచుతోంది.

"రా నాయనా," అంది. వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె అలాగే పిలుస్తుందని ఊరంతా చెప్పుకుంటారు.

"నీకు సిగ్గుందా?" అని అరిచాడు పాస్టర్.

సంఘపెద్ద తుళ్ళిపడ్డాడు. మందిరం ఊడ్చే మనిషిని కూడా 'మీరు' అనే అయ్యగారు ఈయనేనా అన్నట్టు చూశాడు.

"ఒక మనిషి చావబోయాడు. నీ వల్ల!"

బీన్స్ తుంచే చేతులు ఆగాయి. "బతికాడా?"

"దేవుడి దయవల్ల."

"ఎదురుచూస్తోందన్నాను. రమ్మంటోందని అనలేదు."

"పెళ్ళాం పోయి పిచ్చెక్కినవాడికి ఆ రెంటికీ తేడా తెలుస్తుందా? అసలు ఆ మాట ఎవరన్నారు? పోయినవాళ్ళు దేవుడి చేతిలో ఉంటారు. నీ చాప మీదికి రారు! వచ్చేది వాళ్ళ గొంతు దొంగిలించిన దయ్యం. అదీ కాదంటే నీ నోరు. ఏదైనా పాపమే. సౌలు రాజు కూడా నీలాంటిదాని ఇంటికే మారువేషంలో పోయాడు. ఏమయ్యాడు? మర్నాడే యుద్ధంలో కూలాడు!"

"నీ మైకు ఇక్కడిదాకా వినిపిస్తుంది. ఆ కథ విన్నాను," అందామె. "చివరిదాకా మాత్రం ఎప్పుడూ చెప్పవు. తిండి లేక రాజు నేలమీద పడిపోతే, ఇంట్లో పెంచుకున్న దూడను కోసి, రొట్టె కాల్చి, బతిమాలి తినిపించిందెవరు? ఆ ఆడమనిషి కాదూ? నువ్వూ పొద్దుట్నుంచి ఏమీ తిన్నట్టు లేవు. కూర్చో."

పాస్టర్ ముఖం కందగడ్డలా అయింది. "నీ చేతి నీళ్ళు కూడా ముట్టను."

"ఈ చలిగాలిలో అలాగే వచ్చేశావా? ఎడమ చెవిలో దూది పెట్టుకోవద్దూ? మళ్ళీ చీము పడుతుంది."

సంఘపెద్ద గబుక్కున అయ్యగారి చెవి వైపు చూశాడు.

"మీ నాన్న నిన్ను తిట్టుకోలేదు నాయనా," అందామె, ఇంకా నెమ్మదిగా. "ఆఖరి రోజు మంచం గుమ్మం వైపు తిప్పించుకున్నాడు. నువ్వొస్తే ముందు తనకే కనపడాలన్నాడు. చీకటి పడేదాకా అలాగే చూస్తూ..."

"నాన్న మాటెత్తకు!"

పాస్టర్ తన్నిన తన్నుకు కుర్చీ ఎగిరి గోడకు తగిలింది. బీన్స్ గది నిండా చెల్లాచెదురయ్యాయి. ఆమె వంగి ఒక్కొక్కటే ఏరుకోసాగింది.

"రేపు సాయంత్రానికి నువ్వీ ఊళ్ళో కనపడ్డావంటే సంఘాన్నంతా తీసుకొచ్చి నీ సామాను రోడ్డు మీద పడేయిస్తాను. పోలీసుల్ని పిలుస్తాను. ఏ గంగలోనైనా దూకు. నేనున్న చోటికి మాత్రం రాకు!"

"వెళ్తానులే నాయనా," అందామె తలెత్తకుండా. "ద్వారబంధం కిందికుంది. వంగి వెళ్ళు, తలకు తగులుతుంది."

ఇద్దరూ సందు మలుపు తిరిగారు. పాస్టర్ అడుగులు నేలను గుద్దుతున్నట్టున్నాయి. సంఘపెద్దే ముందు తేరుకున్నాడు.

"ఇదేం విడ్డూరం అయ్యగారూ! మీకు నా అన్నవాళ్ళు ఎవరూ లేరని మందిరంలో మీరు చెప్పిన సాక్ష్యంలోనే విన్నాం. చెవి సంగతి, నాన్నగారి మంచం సంగతి ఆవిడకెలా తెలిశాయి? పూనకం రాలేదు. కనీసం కళ్ళయినా మూయలేదు!"

పాస్టర్ వెనక్కి తిరిగి చూడలేదు.

"కర్ణపిశాచి," అన్నాడు పళ్ళ బిగువున. "అదే చెప్పి ఉంటుంది."

తనను తొమ్మిది నెలలు మోసి కన్న మనిషి గురించి ఇంకేం చెప్పాలో అతనికి తోచలేదు.