మూడో పథకం

“మూడో పథకంల ఎంతమంది పోతరమ్మా?”

ఇంద్రసేన గొంతులో ఆదుర్దా విని ఆఫీసులో కంప్యూటర్ పని చూసే జయశ్రీ తెర మీంచి చూపు తిప్పింది.

“నలభై ఒక్కరు సార్. ఏడాది లోపట్నే. వాళ్లంతట వాళ్లే రాజీనామా ఇస్తరు.”

“మల్లొకసారి నడిపి చూడు. మనుషుల సంగతి. లెక్క జర గూడ తప్పొద్దు.”

నారాయణగూడలోని ఆ మందుల పంపిణీ కంపెనీకి ఇంద్రసేన జనరల్ మేనేజరు. ఉద్యోగుల పనితీరును కొలిచే కొత్త పద్ధతి పెట్టమని 1997లో యజమానులు ఆయనకు చెప్పారు. దాన్ని అమలుచేయడానికి మూడు పథకాలు తయారయ్యాయి. ఒక్క సెక్షన్‌తో మొదలుపెట్టి మెల్లగా విస్తరించడం మొదటిది. ఉద్యోగులతో కూర్చుని మాట్లాడి లక్ష్యాలు నిర్ణయించడం రెండోది. అన్ని సెక్షన్లలో ఒకేసారి పెట్టి, నెలనెలా ర్యాంకుల జాబితా గోడకు అంటించడం మూడోది. ఏది ఎలా నడుస్తుందో ముందే చూడడానికి జయశ్రీ కంప్యూటర్‌లో కంపెనీకి ఒక నకలు కట్టింది. అందులో నూట ముప్పై మంది ఉద్యోగులూ ఉన్నారు. రెండేళ్ల కాలం పావుగంటలో గడిచిపోయేది.

ఆ మనుషుల వివరాలన్నీ ఇచ్చింది డిస్పాచ్ క్లర్కు రామచంద్రం. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆయనది. ఎవరికి నడుము నొప్పి, ఎవరింట్లో తల్లి మంచాన పడింది, ఎవరు మాట పడలేరు, అన్నీ దగ్గర కూర్చుని చెప్పాడు.

“గివన్నీ ఎందుకు బిడ్డా?”

“ఏ పద్ధతి పెడితే ఎవలకు కష్టమైతదో ముందే తెలుస్తది కాకా. పెద్దసారు గదే అడుగుతున్నరు.”

“ఇన్నేండ్లల మా గురించి అడిగిన సారు ఈయనొక్కడే. నాది గూడ రాసుకో. నలుగుర్ల పరువు పోతే నేను తట్టుకోలేను.”

జయశ్రీ అదీ రాసుకుంది.

రిపోర్టులో ‘మూడో పథకం వద్దు’ అన్న మాట కింద ఎర్రగీత గీసింది. ఇంద్రసేన నిలబడే చదివాడు. “శాన మంచి పని చేసినవమ్మా” అన్నాడు. వారం తిరక్కుండానే ఆమెను శిక్షణకని బెంగుళూరు పంపాడు.

ఆరు నెలల తర్వాత అశోక్‌నగర్‌లోని ఇంటికి వచ్చిన మర్నాడు, పాత పుస్తకం తిరిగి ఇవ్వడానికి జయశ్రీ చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లింది. పోటీ పరీక్షలకు చదువుకునే వాళ్ల మధ్య, పేపరు అడ్డం పెట్టుకుని రామచంద్రం కనిపించాడు. గడ్డం మాసి ఉంది.

“కాకా! డ్యూటీ లేదా?”

“రాజీనామా ఇచ్చిన బిడ్డా. వరుసగ మూడు నెలలు గోడ మీద నా పేరు అందరి కింద పెట్టిండ్రు. నా చేతికింద పని నేర్సుకున్నోళ్లే చదివి నవ్విండ్రు. ఇంట్ల ఇంక చెప్పలే. పొద్దుగాల డబ్బ పట్టుకొని ఈడికొస్త.” పేపరు మడిచి అడిగాడు. “నీ కంప్యూటర్ల గూడ నేను గిట్లనే పోయిన్నా?”

కంప్యూటర్‌లో ఆయన పోయింది నాలుగో నెలలో.

అక్కణ్నించి నేరుగా ఆఫీసుకు ఆటోలో వచ్చింది. డిస్పాచ్‌లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మేడ మీద కూడా అక్కడక్కడా ఖాళీలే. అడిగితే, ఇప్పటికి ముప్పై ఎనిమిది మంది రాజీనామా చేశారన్నారు. ఆమె ఇంద్రసేన గదిలోకి తలుపు తట్టకుండానే వెళ్లింది.

“సార్, పెద్ద పొరపాటైంది. నేను వద్దన్న పథకమే పెట్టిండ్రు. రిపోర్టు టైపు చేసేటప్పుడు పథకాల నంబర్లు తారుమారైనయేమో. ఈ రోజే ఆపుదాం సార్. రామచంద్రం కాకాను చూస్తే...”

ఇంద్రసేన ఫైలు మూసి, కూర్చోమన్నట్టు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

“పొరపాటేం కాలేదు” అన్నాడు నెమ్మదిగా.

“మరి?”

“మనం తీసేస్తే పరిహారం ఇయ్యాలె గదమ్మా.”